వేసవి విడిది

ప్రయాణమునకు దారి యెంత ముఖ్యమో విడిదియు నంత ముఖ్యము. పగలెల్ల వింతలు చూచి వచ్చినవానికి రాత్రి తల దాచుకొను చోటు సరిగా లేనిచో, ఆ వింతలేవియు మనస్సున నిలువవు. ఈ సంగతి పూర్వులెఱుగనిది కాదు. 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య, మజిలీ మజిలీకి నీటివసతి యెట్లున్నది, అంగళ్ళున్నవా లేవా, దిగుటకు తగిన చోటు కలదా యను విషయములను ఓపికతో వ్రాసియుంచెను.

నాటి యాత్రికులు సత్రములలోను, పూటకూళ్ళ యిండ్లలోను దిగెడివారు. నేడు విడుదులు పలు రకములు. అవి పెరిగినకొలది యెంపికయు కష్టమైనది. ఇంటిలో పదుమూడు మొదలు పందొమ్మిదేండ్ల వఱకు వయసు గల పిల్లలున్నచో ఆ కష్టము రెట్టింపగును. ఆ యీడువారు పసివారు కారు, పెద్దలును కారు. చేయి పట్టుకొని నడిపించిన చిన్నబుచ్చుకొందురు. విడిచిపెట్టిన తలిదండ్రులకు దిగులు. అట్టి కుటుంబమునకు తగిన విడిదిని వెదకుట ధనముతో మాత్రమే తీరు పని కాదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో సెలవులు గడపుటకు పోవువారు కోరుకొను విడుదులలో కాండోమినియము ఒకటి. వాడుకలో దానిని కాండో యందురు. లాటిను భాషలో ఆ మాటకు ఉమ్మడి యాజమాన్యమని యర్థము. ఒక పెద్ద మేడలో పెక్కు వాటాలుండును. ఒక్కొక్క వాటాకు ఒక్కొక్క యజమాని. మేడ నిలిచిన నేల, మెట్లు, లిఫ్టు, నడవలు, ఈతకొలను మొదలగునవి మాత్రము అందఱకును ఉమ్మడి సొత్తు. వాని పోషణకై యజమానులందఱు ఒక సంఘముగా నేర్పడి నెలనెలా రుసుము చెల్లింతురు. ఇట్టి యాజమాన్యమును గూర్చి అమెరికా యేలుబడిలోని ప్యూర్టోరికో ద్వీపమున 1958లో చట్టము పుట్టెను. 1961లో ఫెడరల్ ప్రభుత్వము ఈ వాటాలపై నిచ్చు ఋణములకు పూచీ కల్పించుటతో ఆ పద్ధతి దేశమంతట వ్యాపించెను. ఆంధ్రప్రదేశమున అపార్టుమెంట్ల నిర్మాణమును, యాజమాన్యమును గూర్చిన చట్టము 1987లో వచ్చినది. కావున విజయవాడలోనో, హైదరాబాదులోనో అపార్టుమెంటులో కాపురముండువారికి ఈ యేర్పాటు క్రొత్త కాదు.

సముద్రతీరములందును, కొండప్రాంతములందును ఇట్టి వాటాల యజమానులు పెక్కుమంది తాము లేని దినములలో వానిని అద్దెకిత్తురు. ఈతకొలను, ఆటస్థలము మొదలగు వసతులతో విహారమునకు వచ్చువారికై నడపబడు ఇట్టి మేడల సముదాయమే కాండో రిసార్టు. హోటలులో గది మాత్రమే దొరకును. ఇచట వంటయిల్లు, ముందుగది, పడకగదులు, బట్టలుతుకు యంత్రము గల పూర్తి యిల్లు దొరకును. ఇల్లు దొరకినచో ఇంటిపనియు వెంట వచ్చును. ఈ చిన్న సత్యమును మఱచి విడిదిని ఎంచుకొన్నవారు పిమ్మట నొచ్చుకొందురు.

టెక్సాసు రాష్ట్రములో డల్లాసు నగరమును ఆనుకొని యిర్వింగు అను పట్టణమున్నది. అచట తెలుగువారు పెక్కుమంది నివసించుచున్నారు. వారిలో నొక కుటుంబమువారు 2025 వేసవిలో అయిదు రాత్రులు ఎచటనైన కలసి గడపవలెనని తలంచిరి. ఆ యేటి సెలవు వారికి మామూలు సెలవు కాదు. కుమార్తెకు పదునేడేండ్లు, ఆగస్టు నెలలో దూరముననున్న కళాశాలకు పోవలసియుండెను. దివిసీమనుండి ఆఱు నెలలుండుటకు వచ్చిన నాయనమ్మయు ఆగస్టులోనే తిరిగి పోవలసియుండెను. కుమారునకు పదుమూడేండ్లు, ఎనిమిదవ తరగతి చదువుచుండెను. అయిదుగురును ఒక కప్పు క్రింద నుండు వేసవి మరల నెప్పుడు వచ్చునో యెవరికిని తెలియదు.

తండ్రి మొదట హోటలులో రెండు గదులు తీసికొందమనెను. పిల్లలిరువురు ఒక గదిలోను, పెద్దలు ముగ్గురు మఱియొక గదిలోను ఉండవచ్చునని ఆయన యూహ. అందులకు తల్లి సమ్మతింపలేదు. "గదులు రెండైనచో తలుపులును రెండగును. పిల్లలు తమ తలుపు వేసికొని ఫోనులు చూచుకొందురు. మనము మన తలుపు వేసికొని వారిని గూర్చి విచారింతుము. అత్తయ్యకు మూడు పూటలును బయటి తిండి సరిపడదు. ఇంటివంటి చోటు కావలెను," అని ఆమె చెప్పెను. ఆ మాటతో కాండో నిశ్చయమైనది. ఏ కాండో యన్నది మాత్రము తేలలేదు.

తండ్రి ఒక యుపాయము చేసెను. అయిదు కాగితములు తీసి తలకొకటి యిచ్చి, తమకు తప్పక కావలసినవి రెండును, లేకున్నను సరిపెట్టుకొనగలది యొకటియు వ్రాయుమనెను. కుమార్తె సముద్రము కనబడు కిటికీయు, తలుపు గల గదియు కావలెనని వ్రాసెను. ఈతకొలను లేకున్నను ఆమెకు కొఱత లేదు. కుమారుడు ఈతకొలనును, ఆకలివేసినప్పుడెల్ల తినుటకు వీలును కోరెను. గది లేకున్నను ముందుగదిలో పండుకొందుననెను. తండ్రి తగిన ధర, కారు నిలుపు చోటు కావలెననెను. తల్లి కాగితముపై నొక్క వాక్యమే యుండెను: "వంటయిల్లుండవలెను గాని వంట నా యొక్కతె పని కాకూడదు." అది చదివి పిల్లలు నవ్విరి; తల్లి నవ్వలేదు. నాయనమ్మ తన కాగితమును మడిచి యిచ్చెను. విప్పి చూచిన నందేమియు లేదు. "మీకేది యిష్టమో నాకదియే యిష్టము. ముసలిదానిని నన్నడుగుటెందులకు?" అని ఆమె వంటయింటిలోనికి పోయెను.

వెదకు పనిని తండ్రి పిల్లలకే యప్పగించెను. వారు కంప్యూటరు ముందు కూర్చుండి మూడు చోటులు తేల్చిరి. మొదటిది మెక్సికో సింధుశాఖలోని గాల్వెస్టను ద్వీపమున, పడమటి కొసవైపు, ఇసుకకు ఆనుకొనియున్నది. రెండవది న్యూ బ్రాన్‌ఫెల్సు పట్టణమున గ్వాడలూపె నదియొడ్డున నున్నది. అచట గాలి నింపిన రబ్బరు చట్రములపై కూర్చుండి ప్రవాహమున తేలిపోవుట వేసవి వినోదము. మూడవది గాల్వెస్టనులోనే పట్టణభాగమున, సముద్రపు గోడకు వెనుక నున్న యెత్తైన మేడ. కుమార్తె మనస్సు మొదటిదానిపై నిలిచెను. తలుపు తెఱచిన కాలికి ఇసుక తగులునని ప్రకటనలో నుండెను.

ప్రకటనలను చదువుటయు నొక విద్యయే. పిల్లలు ఆ విద్యను ఆ వారము దినములలో నేర్చిరి. ఆఱుగురు పండుకొనవచ్చునని వ్రాసిన చోట ఆఱు మంచములుండవు. గదిలో నిద్దఱు, నడవలో మేడమంచముపై నిద్దఱు, రాత్రివేళ పడకగా విప్పు సోఫాపై నిద్దఱు అని దాని యర్థము. సముద్రపుటొడ్డున ననుట వేఱు. సముద్రము కనబడుననుట వేఱు. సముద్రమునకు చేరువననుట మఱియును వేఱు. ఒక ప్రకటనలో అయిదు నిమిషముల నడక యని యుండగా, కుమారుడు ఉపగ్రహము తీసిన పటమును తెఱచి చూచి, ఆ నడకలో నాలుగు వరుసల వాహనములు పోవు పెద్ద రహదారిని దాటవలసియున్నదని కనుగొనెను. ఛాయాచిత్రములలో గదులు విశాలముగా కనబడును. మంచమునకును గోడకును నడుమ మనుష్యుడు నిలువగలడా యని చూచినచో నిజము తెలియును.

ధర విషయమును అట్టిదే. ఒక చోట రాత్రికి 180 డాలర్లని యుండెను. అయిదు రాత్రులకు 900 డాలర్లని కుమార్తె వ్రాసికొనెను. లోపలికి పోయి చూచిన, శుభ్రపఱచుటకు 150, నిర్వహణకు 110 డాలర్లు చేర్చియుండిరి. పైని రాష్ట్రపు పన్ను నూటికి 6 చొప్పునను, పట్టణపు పన్ను వేఱుగను కలిసి మొత్తము 1,300 డాలర్లు దాటెను. ఇట్టి మఱుగు రుసుములను అరికట్టుటకు ఫెడరల్ వాణిజ్య సంఘము ఒక నియమము చేసినది. 2025 మే 12వ తేదీనుండి, తప్పనిసరి రుసుములన్నియు కలిపిన మొత్తమునే ప్రకటనలో ముందుగా చూపవలెను. ప్రభుత్వపు పన్నులను మాత్రము వేఱుగ చూపవచ్చును. వీరు వెదకినది మార్చి నెలలో. అప్పటికి ఆ నియమము అమలులోనికి రాలేదు. కావున కూడిక పిల్లలే చేసికొనవలసి వచ్చెను.

ముందు దిగినవారు వ్రాసిన యభిప్రాయములను ఎట్లు చదువవలెనో తల్లి వారికి చెప్పెను. ఆకాశమునకెత్తిన పొగడ్తను, పాతాళమునకు త్రొక్కిన తెగడ్తను విడిచి, వేర్వేఱు మనుష్యులు వేర్వేఱు నెలలలో ఒకే లోపమును చెప్పిరా యని చూడవలెను. లిఫ్టు తఱచు ఆగుచున్నదని నలుగురు వ్రాసినచో అది నిజము. తండ్రి మఱియొక హెచ్చరిక చేసెను. సొమ్మును ఆ సంస్థ నియమించిన మార్గముననే చెల్లింపవలెను గాని, ధర తగ్గింతును, నాకు నేరుగా పంపుమని యెవడైన వ్రాసినచో వానిని నమ్మరాదు. జూన్ 1వ తేదీనుండి నవంబరు 30వ తేదీ వఱకు ఆ తీరమున తుపానుల కాలము గనుక, రాకపోయినచో సొమ్ము తిరిగి యిత్తురా లేదా యన్నదియు ముందే తెలిసికొనవలెను.

శనివారము రాత్రి భోజనమైన పిమ్మట మొదటి విడిదికి సొమ్ము కట్టుటకు అందఱును సిద్ధపడిరి. కుమార్తె ఇసుకతీరపు చిత్రములను గోడనున్న టెలివిజనుపై చూపుచుండెను. ఒక చిత్రములో రాత్రివేళ వెన్నెలలో కెరటములు గుమ్మము చెంతకు వచ్చుచున్నట్లుండెను. నాయనమ్మ లేచి, మంచినీళ్ళకని వంటయింటిలోనికి పోయెను, తిరిగి రాలేదు. కుమారుడు అక్కతో మెల్లగా, "సముద్రము బొమ్మ వచ్చినప్పుడెల్ల నాయనమ్మ లేచిపోవుచున్నది. నదిబొమ్మ చూపినప్పుడు కూర్చుండియుండినది. ఆమె కాగితము ఖాళీగా నున్నది గుర్తున్నదా?" అనెను. అక్క ఆ మాటను అంతకుముందు గమనింపలేదు. సొమ్ము కట్టుట రేపటికి ఆపుమని తండ్రితో చెప్పి, ఆమె నాయనమ్మ గదిలోనికి పోయెను.

"నాయనమ్మా, నీకు సముద్రమనిన భయమా?"

నాయనమ్మ వెంటనే బదులు చెప్పలేదు. కొంతసేపటికి, "భయము కాదు తల్లీ. రాత్రిపూట ఆ హోరు వినలేను," అనెను. పిమ్మట నెవరికిని చెప్పని సంగతి మనుమరాలికి చెప్పెను.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తెను. సుమారు పదివేలమంది ప్రాణములు గోల్పోయిరి. అప్పుడు నాయనమ్మకు ఇరువదిరెండేండ్లు. ఒడిలో పదినెలల బిడ్డ యుండెను. ఆ బిడ్డయే నేటి యీ పిల్లల తండ్రి. బిడ్డను ఆడించుటకు తోడుగా నుండుమని పుట్టింటినుండి పదుమూడేండ్ల చెల్లెలిని ఆమెయే పిలిపించుకొనెను. గాలి పెరిగి పొద్దు గ్రుంకువేళ నీరు ఊరిమీదికి వచ్చినది. ఇంటిల్లిపాది పొరుగువారి మేడకు పరుగెత్తిరి. నాయనమ్మ ఒక చేత బిడ్డను, ఒక చేత చెల్లెలిని పట్టుకొనెను. మేడమెట్లు ఇంక నాలుగడుగులనగా నీటిలో కొట్టుకొనివచ్చిన దూలమొకటి తగిలి చెల్లెలి చేయి జారినది. "పిలిపించుకొన్నదానిని నేనే," అని మాత్రము చెప్పి నాయనమ్మ ఊరకుండెను. ఆ పిల్ల ఫోటోయైన ఇంట లేదు.

మనుమరాలు ఆ రాత్రి చాలసేపు మేల్కొనియుండెను. మఱునాడు ఉదయమున నాయనమ్మ అనుమతితో ఆ సంగతిని తలిదండ్రులకు చెప్పెను. తాను ఉప్పెననుండి బయటపడితినని తండ్రి యెఱుగును గాని, తన పినతల్లి యొకతె ఆ నీటిలో పోయినదని నలువదియెనిమిదేండ్ల వయసున ఆ నాడే వినెను. ఆయన ఏమియు పలుకక తల్లి చేతిని తన చేతులలోనికి తీసికొనెను. కుమార్తె తన కాగితమును తెచ్చి, సముద్రపు కిటికీ అను మాటను కొట్టివేసెను. "మనము నదికే పోదము," అనెను. ఆ మాట ఆమె యేడ్చుచు అనలేదు, గొప్పకును అనలేదు. ఐనను ఆ వేసవి తరువాత ఇంటివారితో సముద్రము చూచు నవకాశము తనకెప్పుడు వచ్చునో ఆమె యెఱుగదు. తల్లికి ఆ సంగతి తెలియును గనుక కూఁతురి తల నిమిరెను.

ఇంతలో తమ్ముడు ఊరకుండలేదు. మూడవ విడిది ప్రకటనలో సముద్రపు గోడ అని యున్నది. ఆ గోడ యేల కట్టిరో తెలిసికొనుమని అక్కతో చెప్పెను. ఇద్దఱును గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చి చదివిరి. 1900వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన గాల్వెస్టనును గొప్ప తుపాను ముంచెను. ఆ కాలమున ద్వీపములో మిక్కిలి యెత్తైన చోటును తొమ్మిదడుగుల లోపే యుండెను. కనీసము ఆఱువేలమంది, పలువురి లెక్కలో ఎనిమిదివేలమంది మరణించిరి. మిగిలినవారు ఊరిని విడిచిపోలేదు. 1902లో పని మొదలుపెట్టి, 1904 నాటికి పదునేడడుగుల యెత్తైన గోడ తొలిభాగమును కట్టిరి. తరువాత దానిని పొడిగింపగా నేడది సుమారు 16 కిలోమీటర్ల పొడవున్నది. గోడతో ఊరకుండక ఊరి నేలనే పైకెత్తిరి. రెండువేలకు పైగా కట్టడములను మరజాకీలతో లేవనెత్తి, వాని క్రింద ఇసుక కలిపిన నీటిని నింపిరి. నీరు ఇంకిపోగా ఇసుక నిలిచి నేల యెత్తయ్యెను. మూడువేల టన్నుల బరువు గల యొక క్రైస్తవ దేవాలయమును సైతము అయిదడుగులు లేపిరి. ఆ యేండ్లలో జనులు ఎత్తైన చెక్కబాటలపై ఇంటికింటికి నడచెడివారు.

కుమారుడు ఈ సంగతిని భోజనపు బల్లయొద్ద చెప్పుచుండగా నాయనమ్మ చేయి ఆపి వినెను. "ఇండ్లను లేపినారా? లోన మనుష్యులుండగనే?" అని అడిగెను. ఉండగనే యని మనుమడు చెప్పెను. "మరల నీరు రాలేదా?" అని ఆమె మరల ప్రశ్నించెను. కుమార్తె నిజము దాచలేదు. 2008 సెప్టెంబరులో ఐక్ అను తుపాను వచ్చినదనియు, గోడ ముందు కెరటములను చాలవఱకు ఆపినను, వెనుకనున్న అఖాతమువైపునుండి నీరు ఊరిలోనికి వచ్చినదనియు చెప్పెను. "గోడ యొక్కటే చాలదు నాయనమ్మా. ముందుగా తెలియవలెను, తెలిసినప్పుడు కదలవలెను," అనెను.

నాయనమ్మ కొంత తడవు ఆలోచించెను. "మాకు చెప్పినవారు లేరు. చెప్పినను ఎచటికి పోవలెనో తెలియదు. తరువాత మా తీరమునను తుపాను రక్షణ భవనములు కట్టిరి," అని, తన కాగితము తెమ్మనెను. దానిపై ఆమె స్వహస్తముతో వ్రాసిన మాటలివి: "సముద్రము పిల్లలకు కనబడవలెను. దాని చప్పుడు నా మంచమునకు రాకూడదు. క్రింది అంతస్తు వద్దు. లిఫ్టుండవలెను." వ్రాసి కోడలి కిచ్చి, "ఇన్నాళ్ళు దానికి మొగము చాటు చేసితిని. మీరందఱు చెంతనుండగా నొకమారు చూచెదను. దాని మూలమున ఈ పిల్ల కోరిక పోగూడదు," అనెను.

ఇప్పుడు కాగితము లయిదును నిండినవి. ఎంపిక సులభమయ్యెను. పడమటి కొసనున్న యిసుకతీరపు విడిదిని విడిచిరి. అది సముద్రపు గోడ రక్షణకు వెలుపల నున్నది. గోడ వెనుకనున్న మేడలో అయిదవ అంతస్తు వాటా నెంచుకొనిరి. దాని ముందుగదియు ఒక పడకగదియు సముద్రమువైపు, రెండవ పడకగది ఊరివైపు. కుమార్తె నిర్వాహకునకు జాబు వ్రాసి యడిగిన ప్రశ్నలు ఏడు. లిఫ్టు పని చేయుచున్నదా? ఊరివైపు గదిలో కిటికీలు మూసిన కెరటముల చప్పుడు వినబడునా? వంటయింటిలో పెద్దపాత్రలున్నవా? ఈతకొలనుయొద్ద కావలివాడుండునా? కారు నిలుపుటకు వేఱుగ సొమ్ము చెల్లింపవలెనా? మఱుగు రుసుములేవైన కలవా? తుపాను హెచ్చరిక వచ్చినచో సొమ్ము తిరిగి యిత్తురా? బదులులన్నియు వచ్చిన పిమ్మట తండ్రి సొమ్ము కట్టెను. కొలనుయొద్ద కావలివాడుండడని తెలిసినందున, పెద్దలలో నొకరు లేక తాను కొలనులో దిగనని కుమారుడు తనంతట తాను వ్రాసియిచ్చెను.

జూన్ నెలలో వారు కారులో బయలుదేరి హ్యూస్టను మీదుగా సాయంకాలమునకు ద్వీపము చేరిరి. విడిది ప్రకటనలో నున్నంత విశాలముగా లేదు. పొయ్యి నాలుగు కళ్ళలో నొకటి వెలుగలేదు. సోఫాపడక కదలినప్పుడెల్ల కిఱకిఱలాడెను. ఐనను ఎవరును సణగలేదు. తామే యడిగి, తామే యెంచుకొన్న విడిది యది. తల్లి షరతు ప్రకారము వంట వంతులవారిగా జరిగెను. తండ్రి వండిన పప్పు మంచిగా నుండెను. కుమారుడు చేసిన యుప్మా మాడెను, అందఱును తినిరి. తల్లి రెండు సాయంకాలములు బాల్కనీలో కాళ్ళు చాపుకొని పుస్తకము చదివెను. పెండ్లియైన తరువాత తనకు దొరకిన మొదటి సెలవు ఇదియని ఆమె చెప్పినప్పుడు ఇంటివారెల్లరు ఒకింత సిగ్గుపడిరి.

సముద్రమున దిగుటకు ముందు పిల్లలు జెండాల యర్థము నేర్చుకొనిరి. ఆకుపచ్చ జెండా యున్న నీరు నెమ్మదిగా నున్నదని గుఱుతు. పసుపుపచ్చ యున్న జాగ్రత్త. ఎఱ్ఱజెండా యున్న అపాయము. ఊదారంగు జెండా కుట్టు జెల్లిచేపలున్నవని తెలుపును. సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన రాతికట్టల చెంత నీరు లోనికి లాగును గనుక అచట ఈదరాదు. ఆ లాగుడులో చిక్కినవాడు ఎదురీదక, ఒడ్డునకు సమాంతరముగా ఈది వెలువడవలెను. కుమార్తె ఈ మాటలను తమ్మునిచేత మూడుమారులు చెప్పించి గాని నీటిలో దిగనీయలేదు.

నాయనమ్మ మొదటి రెండు దినములు ఊరివైపు గదిలోనే యుండెను. మూడవనాటి తెల్లవారుజామున మనుమరాలిని లేపి, "గోడ చూపుము," అనెను. ఇద్దఱును రహదారి దాటి గోడపైనున్న బాటమీదికి పోయిరి. నాయనమ్మ గోడమీదనుండి క్రిందనున్న యిసుకను, దాని కావలనున్న నీటిని చూచెను. చాలసేపు మాటాడలేదు. పిమ్మట గోడయెత్తు మరల నడిగి, "మా మేడమెట్లకంటె ఎత్తే," అనెను. నీటిలో కాలు పెట్టుదువా యని మనుమరాలు అడుగలేదు, ఆమెయు పెట్టలేదు. తిరిగి వచ్చునప్పుడు మాత్రము, "వీరును మావలెనే మరల కట్టుకొనిరి," అనెను. ఆ రాత్రి భోజనముల యొద్ద ఆమె తన చెల్లెలి పేరును పిల్లలకు చెప్పెను. ఆ పేరు ఆ యింట వినబడుట అదియే మొదటిసారి.

ఆగస్టులో నాయనమ్మ దివిసీమకు చేరెను. కుమార్తె కళాశాలకు పోయెను. పోవునప్పుడు తన పెట్టెలో పుస్తకములతోపాటు నాలుగు మాటలు వ్రాసిన యొక కాగితమును భద్రముగా పెట్టుకొనెను.

విడిదిని ఎంచుకొనుటకు ధర చూడవలెను, దూరము చూడవలెను, పడకలు లెక్కింపవలెను, ప్రకటనలోని మాటలను తరచి చదువవలెను. ఇవి యన్నియు అవసరములే. పదుమూడేండ్ల బాలుడును నేర్చుకొనగల పనులే. వీనికి మించిన పని యొకటి కలదు. నాకేదియైనను సరియే యని తప్పుకొనువారి చెంతకు మరల పోయి, కూర్చుండి, అడుగవలెను. నాటి రాత్రి ఆ బాలుడు ఖాళీకాగితమును గమనింపకున్నచో ఆ కుటుంబము ఇసుకతీరమున దిగియుండెడిది. నాయనమ్మ అయిదు రాత్రులును నిద్రలేక గడపియుండెడిది. ఆ సంగతి యెవరికిని తెలిసియుండెడిది కాదు.